మడిచిన చొక్కా చెయ్యి

ఆ రోజు నేను చెప్పవలసింది ఒక్క మాట. "పాపా, నేను చొక్కా చేతులు మడిచేసేవాణ్ణి." అంతే. టీ గ్లాసు కింద పెట్టేలోపు అయిపోయే మాట. చెప్పలేదు. నేను చెప్పకపోవడం వల్ల ఒక మంచి డాక్టరు ఎనిమిదేళ్ళ పాటు తన చేతిపనిని తానే తక్కువ చేసి చూసుకుంది. అడిగినవాళ్ళకి సాక్ష్యంగా నా కుడిచెయ్యి సంగతే చెప్పింది. ఆ చెయ్యి పలికింది తప్పుడు సాక్ష్యమని నాకొక్కడికే తెలుసు. అందుకని ఇప్పుడైనా జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను బిలాస్‌పూర్‌లో గూడ్సు బండి గార్డుని. ఇప్పుడు మా ఉద్యోగం పేరు మార్చి ట్రైన్ మేనేజర్ అంటున్నారు. పేరు పెద్దదైంది గాని, బండి చివరన మేం నిలబడే బ్రేక్ వ్యాన్‌లో పడే ఎండ మాత్రం పాతదే. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి ఈ ఊరు వచ్చాడు. మా నాన్నా నేనూ ఇక్కడే పుట్టాం. ఇంట్లో తెలుగు, డ్యూటీలో హిందీ, కూరగాయల బేరానికి ఛత్తీస్‌గఢీ. మూడింట్లోనూ అబద్ధమాడగలను గాని, ఈ కథకి ఆ మూడూ అవసరం కాలేదు. నోరు మూసుకోవడం సరిపోయింది.

మా పక్క క్వార్టర్లో లోకో షెడ్డు ఫిట్టరు ఒకాయన ఉండేవాడు. విజయనగరం వాళ్ళు. చుట్టరికం లేకపోయినా ఆయన్ని అన్న అనీ, ఆయన భార్యని వదిన అనీ పిలవడం అలవాటైపోయింది. వదిన చీరలకి ఫాల్ కుట్టేది. ఆవిడ కుట్టాక చీరని తిరగేసి బోర్లేసి చూసినా పైకి దారం జాడ కనపడేది కాదు. సూది ఒకటి రెండు పోగుల్ని మాత్రం పట్టుకుని, లోపల్లోపలే పాకుతూ పోయేది. మా కాలనీలో పట్టుచీర కొన్న ఆడవాళ్ళెవరూ ముందు ఆవిడ గుమ్మం తొక్కకుండా దాన్ని కట్టుకున్నది లేదు. వాళ్ళకి ఒక్కతే కూతురు. ఆ కూతురే తరవాత డాక్టరైంది. నన్ను బాబాయ్ అంటుంది. అందరికీ డాక్టరమ్మే గాని, మా ఇంట్లో మాత్రం ఇప్పటికీ "పాప".

పదేళ్ళ కిందట నా కుడి ముంజేతి మీద, బయటివైపు, ఒక కొవ్వుగడ్డ లేచింది. నొప్పి లేదు, దురద లేదు. మొదట ఉసిరికాయంత ఉండేది. అలా సాగుతూ సాగుతూ గుత్తివంకాయ అవతారం ఎత్తింది. డ్యూటీ దిగి మేం పడుకునే రన్నింగ్ రూములో తోటివాళ్ళు "టిఫిన్ డబ్బా చొక్కాలో దాచుకున్నావా గార్డ్ సాబ్" అని ఏడిపించేవాళ్ళు. నేనూ నవ్వేసేవాణ్ణి. మా ఆవిడ మాత్రం నవ్వలేదు.

"ఏటిది, రోజురోజుకీ బలిసిపోతున్నాది? రేపు డ్యూటీ లేదు కదా, పాప దగ్గరికి పదండి."

పాప అప్పటికి సర్జరీ చదువు ముగించుకుని ఊళ్ళో ఒక నర్సింగ్ హోంలో కొత్తగా చేరింది. అక్కడ పెద్ద డాక్టరు ఒకాయన ఉండేవాడు. హిందీ ఆయన. చెయ్యి చురుకు, నోరు అంతకన్నా చురుకు. ఆయన నా గడ్డని రెండు వేళ్ళతో అటూ ఇటూ జరిపి చూసి, ఇది కొవ్వే, భయం లేదు, తీసేద్దాం, అరచెయ్యి వెడల్పంత కోత పడుతుంది అన్నాడు. అక్కడితో నా పని అయిపోవాలి. కాని ఆ కోతని దేనితో మూయాలి అన్న దగ్గర వాళ్ళిద్దరికీ వాదన మొదలైంది. అది ఆ రోజు పుట్టిన వాదన కాదని వాళ్ళ మాటల జోరు చూస్తే నాకే తెలిసింది.

పెద్ద డాక్టరుది క్లిప్పుల పార్టీ. కాగితాలకి పిన్నులు కొట్టినట్టు చర్మాన్ని దగ్గరికి లాగి టకటకా క్లిప్పులు కొట్టెయ్యడమే. నిమిషంలో పని ముగుస్తుంది, పది రోజుల్లో పీకేస్తే సరి. పాపది దారం పార్టీ. అదీ పైనుంచి వేసే నల్లదారం కుట్టు కాదు. అలాంటి కుట్టు ఆలస్యంగా విప్పితే మచ్చ నిచ్చెనలా మిగిలిపోతుందట. పాప వేసేది చర్మం పై పొర కిందనే, లోపలే పాకే కుట్టు. దారం దానంతటదే కరిగిపోతుంది, విప్పాల్సిన పనే లేదు.

"ఇది ఎక్కడో చూసినట్టుందే పాపా" అన్నాను.

"మా అమ్మ ఫాల్ కుట్టే బాబాయ్. చీర బదులు మీరు."

మరి జిగురుతో అంటించేస్తారని విన్నానే, అదెలా ఉంటుందని అడిగాను. మధ్యలో నేనూ ఒక మాట వెయ్యకపోతే బాగుండదు కదా. చిన్న గాట్లకి, లాగుడు లేని చోట అది బాగానే పనిచేస్తుందని పాప చెప్పింది. నా చెయ్యేమో రోజంతా జెండా ఊపే చెయ్యి. అక్కడ జిగురుని నమ్మనంది.

పెద్ద డాక్టరు నవ్వి ఒక మాట అన్నాడు. ఒకడికి క్లిప్పులు కొట్టి, ఇంకొకడికి దారంతో కుట్టి, ఇద్దరి మచ్చలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఏమీ తేలదు. ఒకడి చర్మం ఇంకొకడికి రాదు. తేలాలంటే ఒకే మనిషి, ఒకే చెయ్యి, ఒకే కోత కావాలి. సగం నీది, సగం నాది. అని నా వైపు తిరిగి, "క్యా బోల్తే హో గార్డ్ సాహబ్, హాథ్ దోగే?" అన్నాడు.

చెయ్యి ఇస్తావా అని అంత మర్యాదగా నన్నెవరూ అడగలేదు అంతకు ముందు. ఉబ్బిపోయాను. "బరువు బండికి రెండు ఇంజన్లు కడతాం సార్. నా చేతికీ రెండు కట్టండి, పోయేదేముంది" అన్నాను.

ఆరు నెలల తరవాత మచ్చ చూసి తేల్చుకోవాలని ఒప్పందం. పాప కుట్టు గెలిస్తే, బయటికి కనపడే చోట పడే కోతలన్నీ ఆ నర్సింగ్ హోంలో పాపే మూస్తుంది, ఎంతసేపు పట్టినా పెద్దాయన గడియారం చూడడు. క్లిప్పులు గెలిస్తే పాప ఆ కుట్టు ఊసు మళ్ళీ ఎత్తకూడదు. పాప సరే అంది. అప్పుడు దాని మొహంలో వెలుగు నాకు బాగా గుర్తుంది. గెలుస్తానన్న నమ్మకం కాదు, తన పని చూపించుకునే వీలు దొరికిందన్న సంతోషం.

చెయ్యి మాత్రం మొద్దుబార్చి చేశారు కాబట్టి నేను మెలకువగానే ఉన్నాను. గడ్డ బయటికి వచ్చాక, పాప ముందు లోపలి పొరని కుట్టింది. రెండు సగాలకీ ఒకేలాగ. కుడుతూ నాకు పాఠం చెప్పింది. "మచ్చ వెడల్పయ్యేది లాగుడు వల్ల బాబాయ్. బరువంతా కింద పొరే మొయ్యాలి. పైన చర్మం ఊరికే ఒకదానికొకటి ఆనుకుంటే చాలు."

"మా పట్టాలూ అంతే పాపా. కింద కంకర గట్టిగా ఉంటే పైన అతుకు నోరు తెరవదు."

"అచ్ఛా! అయితే మీకు సగం సర్జరీ వచ్చీసినట్టే."

మోచేతి వైపు సగానికి పెద్ద డాక్టరు క్లిప్పులు కొట్టాడు. ఏడు. లెక్కపెట్టాను. ఆయన చేతులు కడుక్కుని వచ్చేదాకా కూడా పాప మణికట్టు వైపు సగం కుడుతూనే ఉంది. తల వంచి, పెదవి కొరుక్కుంటూ, అచ్చం వాళ్ళమ్మలాగ. పూర్తయ్యాక చూస్తే అక్కడ ఒక గీత తప్ప ఏమీ లేదు.

ఇంటికి పంపేటప్పుడు పాప గట్టిగా చెప్పింది. పసుపు వద్దు, కొబ్బరినూనె వద్దు, మా ఆవిడకి తోచే ఇంకే వైద్యమూ వద్దు. "అన్నిటికన్నా ముఖ్యం ఎండ బాబాయ్. కొత్త మచ్చ ఎండని తాగేస్తుంది, తాగి నల్లబడిపోతుంది. ఆరు నెలలు చొక్కా చెయ్యి మణికట్టు దాకా దించి, బొత్తాం పెట్టుకోవాలి. రెండు సగాలూ ఒకేలా ఉంటేనే పరీక్ష." అని ఒక అట్ట ముక్క ఇచ్చింది. రోజుకో గడి. ఆ రోజంతా చెయ్యి కప్పి ఉంచితే టిక్కు పెట్టాలి.

నేను ఎలాంటివాణ్ణో పాపకి తెలుసు. ఆ నమ్మకంతోనే ఇచ్చింది. గార్డు దగ్గర జర్నల్ ఉంటుంది. బండి ఎక్కడ ఆగింది, ఎన్ని నిమిషాలు ఆగింది, ఎందుకు ఆగింది అన్నీ అందులో రాయాలి. ఇన్నేళ్ళ సర్వీసులో నేను ఆ జర్నల్లో ఒక్క నిమిషం అటూ ఇటూ రాయలేదు. ఆ సంగతి కాలనీలో నేనే చాలాసార్లు చాటుకున్నాను.

పదో రోజున క్లిప్పులు తీశారు. రెండు సగాలూ లేత గులాబీ రంగులో, కవల పిల్లల్లా ఉన్నాయి. మోచేతి వైపు సగంలో మాత్రం గీతకి అటూ ఇటూ ఏడు జతల చుక్కలు. పాప సెల్‌ఫోనుతో ఫోటో తీసుకుంది. మొదటి నెల చివర మరొకటి తీసుకుంది. అప్పటిదాకా అట్టముక్క మీద నేను పెట్టిన టిక్కులన్నీ నిజమే.

తరవాత ఏప్రిల్ వచ్చింది.

కోర్బా వైపు నుంచి వచ్చే బొగ్గు బండ్లలో ఏప్రిల్, మే నెలల్లో బ్రేక్ వ్యాన్ ఎలా ఉంటుందో చెప్పడం కష్టం. ఇనప పెట్టె. ముందు యాభైకి పైగా బొగ్గు వ్యాగన్లు. ప్రతి స్టేషను దగ్గరా, ప్రతి గేటు దగ్గరా బయటికి వచ్చి నిలబడి, కుడిచేత్తో పచ్చజెండా చూపించాలి. ఆ గాలి పొయ్యి నోట్లోంచి వచ్చినట్టు ఉంటుంది. చెమటకి చొక్కా చెయ్యి చర్మానికి అంటుకుని, బొత్తాం దగ్గర గరగరా రాసుకుంటుంది. ఒక మధ్యాహ్నం ఏదో స్టేషన్లో గంటకి పైగా సిగ్నల్ లేక ఆగిపోయాం. అప్పుడు మడిచాను. రెండే మడతలు. ఇవాళ ఒక్క రోజే కదా అనుకున్నాను.

ఒక్క రోజు కాలేదు. డ్యూటీ ఎక్కగానే చెయ్యి దానంతటదే మడతలు పడేది. దిగేటప్పుడు, కాలనీలోకి వచ్చేటప్పుడు, దించి బొత్తాం పెట్టుకునేవాణ్ణి. రెండు మడతలు వేస్తే చొక్కా అంచు ముంజేతి మధ్యన ఆగుతుంది. అంటే పెద్ద డాక్టరు సగం నీడలో, పాప సగం ఎండలో. నేను కావాలని అలా కొలుచుకోలేదు. ఆ చొక్కా కుట్టిన దర్జీకీ ఏ పాపమూ తెలియదు.

మూడో నెలలో ఫోటోకి రమ్మంటే డ్యూటీ ఉందని తప్పించుకున్నాను. చేతి రంగు చూస్తే పట్టేస్తుందని భయం. వానలు పడ్డాక మామూలు చర్మం మీద ఎండ రంగు దిగిపోయింది. మచ్చలో ఇంకిన రంగు దిగలేదు. ఆరో నెల ఫోటోకి ముందు రోజు రన్నింగ్ రూములో కూచుని, ఖాళీగా ఉన్న గడులన్నిటికీ ఒక్క బిగిన టిక్కులు పెట్టాను. ఒకే పెన్ను అయితే అనుమానం వస్తుందని నీలం పెన్ను, నల్ల పెన్ను మార్చి మార్చి పెట్టాను. జర్నల్లో నిమిషం తప్పు రాయని మహానుభావుడు చేసిన పని ఇది. ఇది రాస్తుంటే ఇప్పుడు నాకే నవ్వొస్తోంది, సిగ్గూ వేస్తోంది.

మర్నాడు నర్సింగ్ హోంలో చొక్కా చెయ్యి పైకి తీసి బల్ల మీద పెట్టాను. మోచేతి వైపు మచ్చ పాలిపోయి, చర్మంలో కలిసిపోయినట్టు ఉంది. మణికట్టు వైపు మచ్చ నేరేడుపండు నలిపి రాసినట్టు ఉంది. పెద్ద డాక్టరు బల్ల చరిచాడు. "దేఖా? క్లిప్ జీత్ గయా!"

పాప వంగి చాలాసేపు చూసింది. అడుగుతుంది, అడిగితే చెప్పేద్దాం అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. పెద్ద డాక్టరే అడిగాడు, గార్డ్ సాహబ్ ఎండలో తిప్పలేదు కదా చెయ్యి అని. నేను నోరు తెరిచేలోపు పాప అట్టముక్క ఆయన చేతికిచ్చింది.

"ఒక్క రోజు కూడా తప్పలేదు సర్. మా బాబాయ్ టిక్కు పెట్టారంటే అంతే. ఒప్పుకుంటున్నాను, మీరే గెలిచారు."

నేను చెప్పవలసిన క్షణం అది. నేను చేసిందేమిటంటే, చొక్కా చెయ్యి దించి బొత్తాం పెట్టుకున్నాను.

వారం తరవాత పెరట్లో బట్టలారేస్తూ వదిన నవ్వుతూ చెప్పింది. "విన్నావేటి మరిదీ? నా కుట్టు చీరకేనంట, చర్మానికి పనికిరాదంట. పాప తేల్చీసింది." ఆవిడ నవ్వింది, నేనూ నవ్వాను.

ఆ రోజే స్నానం చేస్తూ చెయ్యి పరీక్షగా చూసుకున్నాను. క్లిప్పుల చుక్కలు ఇంకా మసకగా కనపడుతున్నాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు జతలు పాలిపోయిన భాగంలో. ఆరోదీ ఏడోదీ నల్లటి భాగంలో. అంటే నలుపు మొదలైంది పాప కుట్టు మొదలైన చోట కాదు. దానికి వేలి వెడల్పంత పైన, చొక్కా మడత ఆగిన చోట. పెద్ద డాక్టరు క్లిప్పుల్లో రెండు కూడా ఎండలో పడి నల్లబడ్డాయి. ఆ రోజు బల్ల దగ్గర అందరి చూపూ రంగు మీదే ఉంది గాని ఈ మసక చుక్కల్ని ఎవరూ లెక్కపెట్టలేదు, ఫోనులో తీసిన ఫోటోలోనూ అవి ఆనలేదు. ఇంతకు మించి సాక్ష్యం అక్కర్లేదు. తువ్వాలు కట్టుకుని తిన్నగా పక్క క్వార్టర్‌కి వెళ్ళాల్సింది. వెళ్ళలేదు. రేపు చెబుదాం అనుకున్నాను. ఎన్నో రేపులు గడిచాక చెప్పడం, బండి స్టేషను దాటిపోయాక ఎర్రజెండా ఊపడంలా ఉంటుందనిపించింది. అలా ఊరుకున్నాను.

అన్న రిటైరయ్యాక వాళ్ళు ఊళ్ళోనే తోర్వా పేటలో ఇల్లు కట్టుకున్నారు. పాప అక్కడే సొంత క్లినిక్ పెట్టుకుంది. మంచి పేరు వచ్చింది. పండక్కీ పబ్బానికీ కలుస్తూనే ఉన్నాం. నేను ఏ కాలంలోనైనా వాళ్ళింటికి ఫుల్ చేతుల చొక్కాతోనే వెళ్ళేవాణ్ణి. వదిన "మా మరిదికి ఎప్పుడూ ఆఫీసరు దర్జాయే" అనేది.

కిందటి ఏడాది మా ఆవిడ మెడలో థైరాయిడ్ గడ్డ తేలింది. పరీక్షల్లో చెడ్డదేమీ కాదని వచ్చింది గాని, మింగడానికి అడ్డుపడుతోంది కాబట్టి తీసెయ్యాలన్నారు. పాపే చేస్తానంది. అన్నీ వివరించాక, మా ఆవిడ తన అసలు ప్రశ్న అడిగింది.

"ప్రాణం సంగతి నువ్వు చూసుకుంటావు, నాకు తెలుసు. మచ్చ సంగతేటి పాపా?"

"మెడ ముడతలోనే కోస్తాను పిన్నీ. పైన క్లిప్పులు వేసి, రెండు మూడు రోజుల్లో తీసేస్తాను."

"మరి మీ అమ్మ కుట్టు ఉన్నాది కదా, పైకి కనపడనిది?"

పాప నవ్వింది. "ఆ ముచ్చట ఎప్పుడో తీరిపోయింది. కనపడే చోట నా కుట్టు మీద నాకే నమ్మకం లేదు. బాబాయ్ చెయ్యి చూశాం కదా! మా నర్సులకి కూడా అదే చెబుతాను." అని నా వైపు చూసి, "కదా బాబాయ్?" అంది.

ఎనిమిదేళ్ళ తరవాత మళ్ళీ అదే బల్ల ముందు కూచున్నట్టు అనిపించింది. నేను మళ్ళీ తలాడించాను. ఇది కూడా రాయాలి. రెండోసారి కూడా నోరు విప్పలేదు.

ఇంటికొచ్చాక మా ఆవిడ అద్దం ముందు నిలబడింది. నల్లపూసలు పైకి జరిపి చూసుకుంది, కిందికి జరిపి చూసుకుంది. పైట మెడ చుట్టూ తిప్పుకుంది. "కండువా వేసుకున్న నాయకురాల్లా ఉన్నానా?" అంది. నవ్వలేకపోయాను. కూచోబెట్టి మొత్తం చెప్పాను. చొక్కా, ఎండ, టిక్కులు, రెండు పెన్నులు, అన్నీ.

ఆవిడ విని, "చేతులు మడిచీవోరని నాకు తెలీదేటి?" అంది.

"నీకెలా తెలుసు?"

"మీ చొక్కాలు ఉతికింది ఎవరు? మడత లోపల గీతలు గీతలుగా బొగ్గు మసి. రుద్ది రుద్ది నా చేతులు అరిగిపోనాయి. ఉక్కపోతకి మడిచీసారనుకున్నాను. అది పాప పరీక్షకి అడ్డమని నాకెవరు చెప్పారు?" ఆవిడ గొంతు మారింది. "ఆ గుంట ఎనిమిదేళ్ళుగా తన చేతినే తప్పు పట్టుకుంటున్నాదా? మీ మూలంగా? నా మెడకి వెయ్యి మచ్చలు పడనీండి, ముందు మీరెళ్ళి చెప్పండి."

ఉన్నమాట ఒప్పుకోవాలి. మా ఆవిడ మెడ మీదికి రాకపోయి ఉంటే నేను ఇంకో ఎనిమిదేళ్ళు ఊరుకునేవాణ్ణేమో. నా చేతి మచ్చ నన్ను కదిలించలేదు, ఇంకొకరి మెడ మీద పడబోయే మచ్చ కదిలించింది. ఇందులో గొప్పతనం ఏమీ లేదు.

ఆపరేషను సంగతి ఇక్కడే చెప్పేస్తాను, చదివేవాళ్ళకి ఆదుర్దా అక్కర్లేదు. అది బాగా జరిగింది. ఇప్పుడు మా ఆవిడ మెడలో గీతని వెతికి పట్టుకోవాలి. చూడ్డానికి వచ్చినవాళ్ళకి ఆవిడే తల పైకెత్తి, "కనపడిందా? కనపడలేదా? సరిగ్గా చూడండి" అని పరీక్ష పెడుతుంది. మూసింది దారమే.

మా ఆవిడకి చెప్పిన మర్నాడు మధ్యాహ్నం స్కూటర్ మీద తోర్వా వెళ్ళాను. పొట్టి చేతుల చొక్కా వేసుకుని. క్లినిక్కులో జనం లేని వేళ. పాపకి భోజనం తెచ్చిన వదిన, క్యారేజీ విప్పుతోంది.

"ఇదేటి మరిదీ, ఆఫీసరు దర్జా ఏమైపోనాది?" అంది నా చొక్కా చూసి.

నేను కూచోలేదు. చెయ్యి బల్ల మీద పెట్టాను. "పాపా, చుక్కలు లెక్కపెట్టు" అన్నాను.

పాపకి ఏమీ అర్థం కాలేదు. అయినా దీపం దగ్గరికి లాగి, వేలితో తడుముతూ లెక్కపెట్టింది. ఎనిమిదేళ్ళకి నలుపు కొంత తగ్గింది గాని, హద్దు మాత్రం తెలుస్తూనే ఉంది. అయిదు దాకా వచ్చి ఆగింది. ఆరో జత మీద వేలు పెట్టింది. ఏడు. మళ్ళీ వెనక్కి వచ్చింది. నేను ఏమీ చెప్పకుండానే, దాని వేలు ఆ హద్దు మీద అడ్డంగా ఒక గీత గీసింది, చొక్కా అంచు ఉండే చోట.

"మడిచీసారా?" అంది.

"ఏప్రిల్ నుంచి. డ్యూటీలో ప్రతి రోజూ."

"మరి టిక్కులు?"

"చివరి రోజున కూచుని పెట్టాను. రెండు పెన్నులతో."

వదిన నోటి మీద చెయ్యి వేసుకుంది. పాప కుర్చీలో వెనక్కి వాలింది. కోప్పడుతుందనుకున్నాను. దీపం ఆర్పి పక్కకి జరిపింది. తరవాత మాట్లాడితే గొంతు డాక్టరు గొంతులా లేదు, మా పెరటి గోడ మీంచి పిలిచే చిన్నపిల్ల గొంతులా ఉంది.

"ఒక్క చేతిని చూసి అంతా తేలిపోయిందనుకోవడం నా తెలివితక్కువ బాబాయ్. ఇంకో పది మందిని చూడాల్సింది, చూడలేదు. ఎండ తగలకపోతే నా సగం గెలిచేదో లేదో మీకూ తెలీదు, నాకూ తెలీదు. అది నా తప్పు, మీకు అంటగట్టను. కాని ఆ కార్డు... సర్ అడిగినప్పుడు ఆయన చేతిలో పెట్టింది నేను కదా. మా బాబాయ్ టిక్కు పెట్టారంటే అంతే అన్నాను. మీరు పక్కనే కూచుని ఉన్నారు."

వదిన ఆ మాటని తేలిక చెయ్యబోయింది. "పోనీలేవే, మీ బాబాయ్ ఎండదెబ్బ తిన్న మనిషి. అన్నం తిను ముందు. ఏటి మరిదీ, నువ్వూ కూచో, పప్పుచారు ఉన్నాది."

కూచుంటే మాట మళ్ళీ తప్పించుకుంటుందని నాకు తెలుసు. నిలబడే చెప్పాను.

"లేదు వదినా, దీన్ని నవ్వులో కలిపీకు. పాపా, నువ్వు నన్ను నమ్మి పదిమందిలో నా మాటకి పూచీ పడ్డావు. నేను బొత్తాం పెట్టుకుని కూచున్నాను. నిన్న కూడా నువ్వు 'కదా బాబాయ్' అంటే తలాడించాను. ఎండ తగలడం పొరపాటు. ఆ టిక్కులు పొరపాటు కాదు, తెలిసి పెట్టినవి. నీ చేతిలో ఏ లోపమూ లేదమ్మా, లోపం నా నోట్లో ఉంది. వదినా, నీ కుట్టుని చిన్నబుచ్చింది కూడా నేనే. తప్పయిపోయింది. ఇద్దరూ నన్ను క్షమించండి."